చాంద్ రాత్ దగ్గర మునిగిన జహాజ్

బ్రిటిష్ సబ్‌మెరైన్లతో మనకేం వాస్తా అనిపిస్తుంది. కాస్త సబర్ చేయండి, వాస్తా ఉంది.

రెండో ప్రపంచ జంగ్‌కు కాస్త ముందు బ్రిటన్ ‘టి’ క్లాస్ సబ్‌మెరైన్లు కట్టడం మొదలుపెట్టింది. జంగ్ నడుస్తుండగా ఇంకా జోరుగా కట్టింది. మొత్తం 53. దాదాపు అన్నిటి పేర్లూ ఆ ఒక్క ఇంగ్లిష్ అక్షరంతోనే మొదలవుతాయి. దూర సముద్రాలకు వెళ్ళగలిగేవి. నసీబ్ మాత్రం మొదట్లోనే వంకర. ‘థీటిస్’ 1939 జూన్ 1న పరీక్షకు దిగి 99 మందితో మునిగింది. దాన్నే పైకి లాగి, పేరు మార్చి జంగ్‌కు పంపితే 1943లో మళ్ళీ మునిగింది. ‘ట్రైటన్’ అయితే జంగ్ మొదలైన వారానికే తమ సొంత సబ్‌మెరైన్ ‘ఆక్స్‌లీ’ని దుష్మన్ అనుకుని కొట్టేసింది. చీకట్లో ఎవరు ఎవరో తెలియకపోవడం వీటి కథలో అప్పుడే మొదలైంది.

నేను చెప్పదలచింది ‘ట్రేడ్‌విండ్’ గురించి. చాథమ్ డాక్‌యార్డులో కట్టి 1942 డిసెంబర్‌లో నీళ్ళలోకి దించారు. 1944 నాటికి అది సిలోన్‌లోని త్రింకోమలీ నుంచి బయలుదేరి సుమత్రా తీరం వెంట జపాన్ ఓడల కోసం కాపు కాస్తోంది. కెప్టెన్ లించ్ మేడన్.

అటువైపు నుంచి ‘జున్యో మారు’ వచ్చింది. పాత సరుకుల జహాజ్. తమాషా ఏమిటంటే అది 1913లో స్కాట్లాండ్‌లో తయారైంది, అంటే బ్రిటిష్ మాలే. సెప్టెంబర్ 16న బటావియా రేవు నుంచి పదంగ్‌కు బయలుదేరింది. లోపల సుమారు 2,300 మంది జంగీ ఖైదీలు, ఎక్కువమంది డచ్చివాళ్ళు. వాళ్ళతో పాటు దాదాపు 4,200 మంది జావా మజ్దూర్లు. జపాన్ వాళ్ళు వీళ్ళను ‘రొముషా’ అనేవారు. కొందరు కూలి దొరుకుతుందన్న ఆశతో వచ్చినవాళ్ళు, కొందరు జబర్దస్తీగా ఊళ్ళ నుంచి తీసుకొచ్చినవాళ్ళు. సుమత్రా అడవుల్లో పెకన్‌బారు నుంచి మువారో దాకా 220 కిలోమీటర్ల రైలు దారి వేయించడానికి అందర్నీ సరుకులు పెట్టే అరల్లో కుక్కారు. (బర్మా రైలు దారి మీద మలయా తోటల నుంచి తీసుకెళ్ళిన తమిళ, తెలుగు కూలీలు కూడా ఇలాగే చనిపోయారు. ఆ దాస్తాన్ విడిగా చెప్పాలి.)

18వ తేదీ సాయంత్రం ట్రేడ్‌విండ్ టార్పెడోలు రెండు తగిలాయి. 5,600 మందికి పైగా చనిపోయారు. టైటానిక్‌లో పోయినవాళ్ళు సుమారు 1,500 అని గుర్తుంచుకుంటే ఇదెంత పెద్దదో అర్థమవుతుంది. టైటానిక్ పేరు పిల్లలకు కూడా తెలుసు, ఈ పేరు ఎందరు విన్నారు?

హిజ్రీ కేలండర్ తీసి చూశాను. ఓడ బయలుదేరింది 1363 రంజాన్ ఆఖరి అష్రాలో. మునిగింది ఆఖరి రోజా సాయంత్రమో, ఈద్ రోజునో. రూయత్ ఎక్కడ ఏ రోజు అయిందన్న దాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ. జావా మజ్దూర్లలో ఎక్కువమంది ముసల్మానులు. ఇఫ్తార్ వేళకు కాస్త ముందు ఆ చీకటి అరల్లో ఉన్నవాళ్ళకు ఆకాశం కూడా కనిపించదు, హిలాల్ మాట అటుంచండి.

ఖైదీల్లో 680 మంది దాకా బతికారు. మజ్దూర్లలో సుమారు 200 మంది. అంటే ఖైదీల్లో పదిమందికి ముగ్గురు మిగిలితే, వీళ్ళలో ఇరవైమందికి ఒక్కడు.

మేడన్‌ను జాలిమ్ అనడం ఆసాన్. నేను అనను. ఖైదీలున్నారని చెప్పే గుర్తు ఏదీ ఆ ఓడ మీద లేదు. పెరిస్కోప్‌లో కనిపించింది దుష్మన్ జెండా, పొగగొట్టం, అంతే. మేడన్ తర్వాత పార్లమెంటుకు ఎన్నికై చాలా ఏళ్ళు ఎంపీగా ఉన్నాడు. మనుషుల్ని సరుకులా నింపి, గుర్తు పెట్టకుండా జంగ్ నడుస్తున్న సముద్రంలోకి పంపినవాళ్ళ గునాహ్ దానికంటే చాలా పెద్దది.

నన్ను బాధించేది వేరే. జావాలో డచ్చి సైనికుల ఖబ్రస్తాన్ లూవిగాజాలో జున్యో మారు యాద్‌గార్ ఉంది. ఖైదీలకు సైన్యం ఉంది, నంబర్ ఉంది, జాబితా ఉంది. మజ్దూర్‌కు నంబర్ ఎవరిస్తారు? ఆ నాలుగు వేల ఇళ్ళలో ఎందరు తల్లులు కొడుకు ఏ ముల్క్‌లో ఉన్నాడో తెలియక దువా చేస్తూనే పోయారో! నీట మునిగి చనిపోయినవాడు షహీద్ అని హదీసులో ఉంది. ఘుసుల్, కఫన్, జనాజా, ఖబర్ ఏదీ దక్కనివాళ్ళకు అదొక్కటే మిగిలింది.

బతికినవాళ్ళను అదే రైలు పనికి తోలారు. ఆ దారి 1945 ఆగస్టు 15న పూర్తయింది. జపాన్ లొంగిపోయింది కూడా ఆ రోజే. తర్వాత దాన్ని పెద్దగా వాడలేదు, పట్టాలను అడవి కమ్మేసింది.