చుట్టల పెట్టె: తేమ, పురుగు, పురాణం

గరుత్మంతుడు అమృతం తెస్తుంటే ఒక చుక్క నేలమీద పడి పొగాకు మొక్కయిందనీ, పొగ తాగనివాడు వచ్చే జన్మలో దున్నపోతై పుడతాడనీ చెప్పే పద్యం కన్యాశుల్కం చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. గిరీశం నోట వినిపించే ఆ పద్యానికి మనం నవ్వుకుంటాం. ఎందుకంటే పొగాకు అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబస్ మనుషులు అక్కడ చూసేదాకా మన వైపు ఎవరికీ దాని పేరే తెలియదు. పోర్చుగీసు ఓడల్లో దక్కనుకు చేరింది. అక్బరు చివరి రోజుల్లో అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూరు నుంచి దాన్ని మొగలు దర్బారుకు పట్టుకెళ్ళాడు. 1617లో జహంగీరు నిషేధించాడు. ఈ కథలో గరుత్మంతుడికి చోటెక్కడ?

అయితే పద్యం పాతబడినా గిరీశాలు మాత్రం పాతబడలేదు. ఈ రోజుల్లో చేతినిండా జీతం వచ్చే కుర్రకారులో కొందరు విదేశీ చుట్టలు, అంటే సిగార్లు, కొని పెట్టెల్లో దాచుకోవటం ఒక సరదాగా పెట్టుకున్నారు. కొత్తగా మొదలుపెట్టినవాడికి అనుభవజ్ఞులు చెప్పే మాటల్లో సగం భౌతికశాస్త్రం, సగం పురాణం. తాలూ గింజా వేరు చేయటం హేతువాదుల పని కనుక ఆ పని చేసి చూద్దాం.

మొదటి పురాణం: క్యూబాలో సిగార్లను కన్నెపిల్లలు తొడలమీద చుడతారట! నిజానికి సిగారు చుట్టటం బల్లమీద పలక, కత్తి పెట్టుకుని చేసే నైపుణ్యం గల పని. హవానా కార్ఖానాల్లో చాలాకాలం ఆ పని చేసింది ఎక్కువగా మగవాళ్ళే. 1817లో స్పెయిన్ రాజు క్యూబా పొగాకుపై తన గుత్తాధిపత్యం ఎత్తేశాక అక్కడ కార్ఖానాలు పెరిగాయి. అసలు చెప్పుకోవలసిన చరిత్ర మరొకటుంది. 1865లో హవానాలోని ఎల్ ఫిగారో కార్ఖానాలో, పనివాళ్ళు చుట్టలు చుడుతుంటే ఒకరు ఎత్తైన చోట కూర్చుని పత్రికలు, పుస్తకాలు పైకి చదివి వినిపించే పద్ధతి మొదలైంది. చదివేవాడి జీతం పనివాళ్ళే చందాలు వేసుకుని ఇచ్చుకునేవారు. చదువురాని కూలీలు లోకజ్ఞానం సంపాదిస్తున్నారని భయపడిన ప్రభుత్వం మరుసటి ఏడాదే దాన్ని నిషేధించింది. అయినా ఆ పద్ధతి మళ్ళీ మళ్ళీ తలెత్తింది. 1935లో మొదలైన మాంటెక్రిస్టో సిగారుకు ఆ పేరు అలా విన్న డ్యూమా నవల నుంచే వచ్చిందని చెబుతారు. తొడల కథ ప్రపంచమంతా తెలిసి, ఈ చదువరుల కథ కొందరికే తెలియటం విచారకరం.

ఇక దాచే సంగతి. పొగాకు ఆకు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పొడిగాలిలో వదిలేస్తుంది. మరీ ఎండితే పై ఆకు పగులుతుంది, మరీ తడిస్తే బూజు పడుతుంది. కనుక 65 నుంచి 70 శాతం సాపేక్ష తేమ, 18 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటే మంచిదని అనుభవం మీద తేల్చారు. 70 డిగ్రీల ఫారెన్‌హీట్, 70 శాతం తేమ అనే సూత్రం గుర్తుపెట్టుకోవటానికి తేలిక కాబట్టి ప్రచారమైంది. అందులో మహిమేమీ లేదు. పెట్టెలో తడి స్పాంజి పెట్టమనే సలహా చలిదేశాల పొడి గదులకు పుట్టినది. వానాకాలంలో విశాఖపట్నంలో ఉండేవాడికి పెట్టెలోకి తేమ ఎక్కించటం కాదు, బయటి తేమను రానివ్వకపోవటమే సమస్య. ఊరు మారితే ఉపాయమూ మారాలి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, తేమను ఒక స్థాయిలో నిలిపే ఉప్పు ద్రావణపు పొట్లం ఒకటి ఉంటే కొత్తవాడికి సరిపోతుంది. వేల రూపాయల నగిషీ పెట్టె అలంకారానికే.

మరి డబ్బాలో తేమ 68 శాతమని మీటరు చూపిస్తే నమ్మాలా? నమ్మనక్కరలేదు, పరీక్షించవచ్చు. ఒక సీసా మూతలో వంటింటి ఉప్పు వేసి, కరిగిపోకుండా తడి ముద్దలా అయ్యేటట్టు నాలుగు చుక్కల నీళ్ళు పోయండి. దాన్నీ మీటరునూ గాలి పోని సంచిలో ఒక రోజు ఉంచండి. ఉప్పు ముద్ద పైన గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటరు 70 చూపిస్తే అది 5 తక్కువ చూపిస్తోందన్నమాట. ఇంత చవకగా, ఇంత స్పష్టంగా అబద్ధాన్ని పట్టించే ప్రయోగం మరొకటి అరుదు. పిల్లలకు కూడా చేసి చూపించవచ్చు, చుట్టలు అక్కరలేదు!

రెండో పురాణం దేవదారు పెట్టె. స్పానిష్ దేవదారు అని పిలిచే ఆ కర్ర స్పెయిన్‌దీ కాదు, దేవదారూ కాదు. అది ఉష్ణమండల అమెరికా చెట్టు, మన వేప కుటుంబానిదే. దాని వాసనకు పురుగు రాదంటారు గానీ, ఆ పెట్టెల్లోనే పురుగు పట్టిన సందర్భాలు కొల్లలు. ఆ పురుగు మనకు కొత్తదేమీ కాదు. మన పసుపు కొమ్ముల్ని, ఎండుమిరపకాయల్ని తొలిచే చిన్న గోధుమరంగు పురుగే. వేడి పెరిగితే దాని గుడ్లు పొదుగుతాయి. ఎండాకాలంలో 30 డిగ్రీలు దాటే మన ఇళ్ళలో కర్ర వాసన కాపాడదు. కొత్తగా తెచ్చినవాటిని విడిగా, గాలి పోని సంచిలో పెట్టి ఒక రోజు ఫ్రిజ్‌లో, కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్‌లో, మళ్ళీ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితే పురుగు చస్తుంది, ఆకూ పగలదు.

మూడోది, సిగారు మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బాగా ముదిరిన ఆకులోని నూనె స్ఫటికమనీ, అదృష్టమనీ చెప్పటం. సూక్ష్మదర్శిని కింద పెడితే స్ఫటికమో బూజు పోగులో తేలిపోతుంది. అలా పరీక్షకు పంపి చూసినవాళ్ళకు బూజే కనిపించింది. అమ్మేవాడికి మాత్రం బూజుకన్నా అదృష్టానికే ధర ఎక్కువ!

చరిత్రలో రెండు పెద్ద నిల్వల గురించి చెప్పాలి. 1862 ఫిబ్రవరిలో ఫోర్ట్ డోనెల్సన్ గెలిచిన అమెరికా సేనాని గ్రాంట్ చేతిలో సిగారు ఉందని పత్రికలు రాస్తే, అభిమానులు సుమారు 10,000 సిగార్లు పంపారు. పంచగా మిగిలినవి తానే కాల్చాడు. 1885లో గొంతు కాన్సర్‌తో చనిపోయాడు. సరిగ్గా వందేళ్ళ తరువాత, 1962 ఫిబ్రవరిలో, క్యూబా సరుకుపై నిషేధం సంతకం చేసేముందు కెనెడీ తన పత్రికా కార్యదర్శి సాలింజర్ చేత 1,200 క్యూబా సిగార్లు తెప్పించుకున్నాడు. ఈ సంగతి సాలింజరే 1992లో బయటపెట్టాడు. నిషేధం జనానికి, నిల్వ అధ్యక్షుడికి!

చివరి పురాణమే ప్రాణాంతకమైనది: సిగారు పొగ మింగరు కాబట్టి ప్రమాదం లేదనేది. సిగారు పొగకు క్షారగుణం ఎక్కువ. అందువల్ల నికోటిన్ నోటి పొరలోంచే రక్తంలోకి పోతుంది. ఒక పెద్ద సిగారులో ఒక సిగరెట్ పెట్టెడు పొగాకు ఉండవచ్చు. రోజూ కాల్చేవారికి నోరు, స్వరపేటిక, అన్నవాహిక కాన్సర్లు ఎక్కువని అమెరికా జాతీయ కాన్సర్ సంస్థ 1998 నివేదికలో వివరంగా చెప్పింది. ఫ్రాయిడ్ 1923 నుంచి దవడకు 30కి పైగా శస్త్రచికిత్సలు చేయించుకుని కూడా సిగారు మానలేదు.

ఇందుకు సాక్ష్యం మన దగ్గరే ఉంది. శ్రీకాకుళం వైపు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే ఆడవాళ్ళు ఎందరో. 1971లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఆంధ్రలో 10,169 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించి, అడ్డపొగవల్ల అంగిలికి వచ్చే మార్పులను నమోదు చేసింది. ఆ పేద స్త్రీ చుట్టనూ, కోహిబా పెట్టెనూ వేరుచేసేది ధర, దర్జా. నోటిలోని కణానికి ఈ రెండూ తెలియవు.

సేకరణ సరదా తప్పని నేననను. పెట్టెలు, వాటి బొమ్మలు, సిగారు నడుముకు చుట్టే కాగితపు పట్టీలు ఏరి దాచేవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. ఆ పట్టీల్లో క్యూబా చరిత్ర అంతా ఉంటుంది. వాటికి తేమ మీటరూ అక్కరలేదు, కాన్సర్ భయమూ లేదు. అయినా సిగార్లే దాచుకుంటానంటారా? కొద్దిగా కొనండి, కొన్న తేదీ రాసుకోండి, మీటరును ఉప్పుతో పరీక్షించండి. ఆ పరీక్షనే సిగారు గొప్పతనం చెప్పే ప్రతి మాటకూ పెట్టండి. నిలబడే మాటలు ఎన్ని ఉంటాయో మీకే తెలుస్తుంది.