మోయాబ్‌లో ఆర్‌వి విడిది, పర్వత సైక్లింగు

మోయాబ్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని యూటా రాష్ట్రములో, కొలరాడో నది సమీపమున ఉన్న ఒక చిన్న పట్టణము. ఇది గ్రాండ్ కౌంటీకి ముఖ్య కేంద్రము. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా 5,366. ఎర్రని ఇసుకరాతి కొండల మధ్య ఉన్న ఈ పట్టణము పర్వత సైక్లింగుకు ప్రపంచ ప్రసిద్ధి పొందినది. సోమవారము సెలవు కలిసి వచ్చే వారాంతాలలో అనేకులు ఆర్‌వి అనబడే నివాస వాహనాలలో ఇక్కడికి వచ్చి, రాత్రి వాటిలో బస చేస్తూ, పగలు సైకిలు బాటలపై తిరుగుతారు. ఈ రెండు వినోదాల కలయిక, గనుల మూతతో దెబ్బతిన్న ఈ ఊరికి కొత్త జీవనోపాధిని చూపినది. అయితే నీటి కొరత, సులభముగా దెబ్బతినే ఎడారి నేల కారణముగా ఈ యాత్రలు కొన్ని కట్టుబాట్లకు లోబడి జరుగుతాయి.

చరిత్ర

1952లో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మోయాబ్‌కు దక్షిణాన గొప్ప యురేనియం నిక్షేపాన్ని కనుగొన్నాడు. దానితో 1950లో 1,274గా ఉన్న జనాభా 1960 నాటికి 4,682కు పెరిగినది. 1980లలో యురేనియం పరిశ్రమ క్షీణించగా చాలామంది ఉపాధి కోల్పోయి ఊరు విడిచి వెళ్ళారు.

సైక్లింగుకు కావలసిన బాటలు మాత్రము అప్పటికే ఉన్నాయి. పట్టణానికి తూర్పున ఉన్న స్లిక్‌రాక్ బాటను 1969లో మోటారు సైకిళ్ళ కొరకు ఏర్పరచారు. గనుల అన్వేషణకు వేసిన మట్టి దారులు కొండలన్నిటా వ్యాపించి ఉన్నాయి. 1983లో గ్రాఫ్ సోదరులు రిమ్ సైక్లరీ అనే సైకిలు దుకాణాన్ని ఇక్కడ ప్రారంభించారు. పర్వత సైకిలు అప్పటికి కొత్త వాహనము. పత్రికలలో వచ్చిన వ్యాసాలు, ఛాయాచిత్రాల వలన స్లిక్‌రాక్ పేరు త్వరలోనే దేశమంతటా వ్యాపించినది.

1990ల మొదటి సంవత్సరాలలో స్లిక్‌రాక్ బాట ఉన్న శాండ్ ఫ్లాట్స్ ప్రాంతానికి వచ్చేవారి సంఖ్య అదుపు తప్పినది. మరుగుదొడ్లు లేవు. జనం వాహనాలను ఇష్టమైన చోట నిలిపి, జూనిపర్ చెట్లను వంటచెరకు కొరకు నరికేవారు. ఆ దశాబ్దము మధ్యలో గ్రాండ్ కౌంటీ, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్ర ప్రభుత్వ భూ నిర్వహణ సంస్థ కలిసి ఈ ప్రాంతాన్ని తమ అజమాయిషీలోకి తెచ్చాయి. హద్దులు గుర్తించిన విడిది స్థలాలు, మరుగుదొడ్లు, ప్రవేశ రుసుము అప్పుడు ఏర్పడినవే. ఆ రుసుముతోనే నిర్వహణ జరుగుతుంది.

1995 నుండి 2012 వరకు ప్రతి అక్టోబరులో జరిగిన '24 అవర్స్ ఆఫ్ మోయాబ్' పోటీలో జట్టు సభ్యులు వంతులవారీగా పగలు, రాత్రి సైకిలు తొక్కేవారు. పోటీ జరిగే మైదానము ఆ రెండు రోజులు గుడారాలతో, నివాస వాహనాలతో నిండిపోయేది.

భౌగోళిక పరిస్థితులు

మోయాబ్ సముద్ర మట్టానికి సుమారు 1,230 మీటర్ల ఎత్తులో ఉన్నది. తూర్పున లా సాల్ పర్వతాలు 3,800 మీటర్లకు పైగా ఎత్తు కలవి. వేసవిలో పట్టణములో ఉష్ణోగ్రత తరచుగా 38 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అందుచేత మార్చి నుండి మే వరకు, సెప్టెంబరు నుండి అక్టోబరు వరకు యాత్రలకు అనుకూలమైన కాలము.

స్లిక్‌రాక్ అనగా 'జారే రాయి'. తొలినాటి వలసదారుల గుర్రాల ఇనుప లాడాలు ఈ రాతిపై జారడము వలన ఈ పేరు వచ్చినదని చెబుతారు. రబ్బరు టైరుకు మాత్రము ఇది జారదు. నవాహో ఇసుకరాయి ఉప్పుకాగితము వలె గరుకుగా ఉండుటచే, మామూలు నేలపై ఎక్కలేనంత నిటారు వాలును కూడా సైకిలుపై ఎక్కవచ్చును.

వాహనము, సైకిళ్ళ ఏర్పాటు

ఆర్‌వి అనగా పడక, వంటగది, నీటి తొట్టి, మరుగుదొడ్డి కలిగిన వాహనము. ఇంజను కలిగి స్వయముగా నడిచేవి కొన్ని, కారు లేదా ట్రక్కు వెనుక తగిలించి లాగేవి కొన్ని. ఇందులో మంచినీటికి, స్నానము, వంట నీటికి, మరుగుదొడ్డి మురుగుకు మూడు వేర్వేరు తొట్లు ఉంటాయి. మురుగును నిర్ణీత కేంద్రాలలో మాత్రమే ఖాళీ చేయాలి.

సైకిళ్ళను సాధారణముగా వాహనము వెనుక భాగాన చట్రముపై బిగిస్తారు. పొడవైన వాహనములో వెనుక చక్రాలకు అవతల ఉన్న భాగము గతుకులపై ఎక్కువగా ఎగిరిపడుతుంది. అందువలన కారు కొరకు చేసిన చట్రాలు చాలా వరకు దీనికి తగవు. ఆర్‌వికి పనికివస్తుందని తయారీదారు పేర్కొన్న చట్రాన్నే వాడాలి. నంబరు పలక, వెనుక దీపాలు కనిపించేటట్లు చూడాలి. కొందరు సైకిళ్ళను లాగే ట్రక్కులో గాని, వాహనము లోపల గాని ఉంచుతారు. దీని వలన దుమ్ము, దొంగల బెడద కూడా తగ్గుతాయి.

ముఖ్యమైన బాటలు

స్లిక్‌రాక్ బాట: సుమారు 17 కిలోమీటర్ల పొడవు. రాతిపై తెల్లని రంగు గీతలే దారిని సూచిస్తాయి. కొత్తవారి కొరకు చిన్న సాధన వలయము ఉన్నది. పొడవు తక్కువైనా ఇది చాలా కష్టమైన బాట.

హోల్ ఎంచిలాడా: లా సాల్ పర్వతాలలోని బురో పాస్ కనుమ వద్ద మొదలై కొలరాడో నది వరకు 2,100 మీటర్లకు పైగా దిగే బాటల వరుస. సైకిళ్ళను పైకి చేర్చుటకు అద్దె వ్యానులు ఉంటాయి గనుక ఆర్‌విని కదల్చనవసరము లేదు. పై భాగములో మంచు వేసవి ఆరంభము వరకు ఉండవచ్చును.

ఇంట్రెపిడ్ బాటలు: డెడ్ హార్స్ పాయింట్ రాష్ట్ర ఉద్యానవనములో 2009లో ప్రారంభమైనవి. లోయ అంచున సాగే ఈ వలయాలు కొత్తవారికి, పిల్లలకు అనుకూలము.

వైట్ రిమ్ దారి: కాన్యన్‌లాండ్స్ జాతీయ వనములో సుమారు 160 కిలోమీటర్ల పొడవైన మట్టి దారి. యురేనియం అన్వేషణ కొరకు 1950లలో వేశారు. సైకిలుపై సాధారణముగా 3 లేదా 4 రోజులు పడుతుంది. ఈ దారికి ముందస్తు అనుమతి తప్పనిసరి. సామగ్రిని నాలుగు చక్రాల చోదక శక్తి గల చిన్న వాహనము మోయాలి. ఆర్‌వి ఇక్కడ నడవదు.

జాతీయ వనాలలోని నడక దారులపై సైకిళ్ళు నిషిద్ధము. ఆర్చెస్, కాన్యన్‌లాండ్స్ వనాలలో వాహనాలు తిరిగే దారులపై మాత్రమే సైకిలు తొక్కవచ్చును.

విడిది స్థలాలు

పట్టణములోని ప్రైవేటు స్థలాలలో నీరు, విద్యుత్తు, మురుగు గొట్టము సౌకర్యాలు లభిస్తాయి. భూ నిర్వహణ సంస్థ విడిది స్థలాలు నది వెంబడి, బాటల చెంత ఉన్నాయి. వీటి రుసుము తక్కువ, కాని విద్యుత్తు, నీరు ఉండవు. శాండ్ ఫ్లాట్స్ ఇందుకు ఉదాహరణ. ఇక్కడ బస చేసినవారు సైకిలుపైనే స్లిక్‌రాక్ బాట మొదటికి చేరవచ్చును.

డెడ్ హార్స్ పాయింట్ మోయాబ్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరాన, నదికి 600 మీటర్ల ఎత్తున ఉన్నది. విడిది స్థలాలలో విద్యుత్తు ఉన్నప్పటికీ, నీటిని ట్రక్కులలో కొండపైకి తేవలసి వస్తుంది. కనుక ఆర్‌వి తొట్లను పట్టణములోనే నింపుకొని రావాలి. కాన్యన్‌లాండ్స్‌లోని విల్లో ఫ్లాట్ విడిదిలో 12 స్థలాలు మాత్రమే ఉన్నాయి. 28 అడుగులకు మించిన వాహనాలకు అక్కడ అనుమతి లేదు.

వారాంతపు రద్దీ

మోయాబ్ సాల్ట్ లేక్ సిటీ నుండి సుమారు 375 కిలోమీటర్లు, డెన్వర్ నుండి సుమారు 570 కిలోమీటర్ల దూరములో ఉన్నది. శుక్రవారము పని ముగించుకొని బయలుదేరినవారు చాలా భాగము రాత్రికే చేరుతారు. ముందుగా కేటాయింపు లేని విడిది స్థలాలు అప్పటికే నిండి ఉండవచ్చును. మే చివరి సోమవారము వచ్చే మెమోరియల్ డే, ఈస్టరు ముందరి వారము మిక్కిలి రద్దీ కాలాలు. 1967 నుండి జీపు యాత్ర జరిగేది కూడా ఈస్టరు ముందరి రోజులలోనే. 2015 మెమోరియల్ డే వారాంతములో వాహనాల వరుస రహదారి వరకు చేరడముతో ఆర్చెస్ వన ప్రవేశాన్ని పోలీసులు కొంతసేపు మూసివేశారు.

మూడు రోజుల యాత్రలో వాహనాన్ని ఒకే చోట నిలిపి, దాని చుట్టూ ఉన్న బాటలను ఎంచుకోవడము సౌకర్యము. మొదటి రోజు సులభమైన బాట, రెండవ రోజు పెద్ద బాట, తిరుగు ప్రయాణము రోజు ఉదయాన చిన్న వలయము అనే క్రమాన్ని పాటిస్తే అలసటతో పెద్ద వాహనము నడిపే ప్రమాదము తగ్గుతుంది.

పర్యావరణము, జాగ్రత్తలు

ఈ ప్రాంతములో నల్లగా, గడ్డలుగా కనిపించే నేల పైపొర జీవము కలది. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు, లైకెన్లు, నాచు కలిసి ఇసుక రేణువులను బంధించి దీనిని ఏర్పరుస్తాయి. నేల గాలికి కొట్టుకుపోకుండా ఆపేది, నత్రజనిని అందించేది, తేమను నిలిపేది ఈ పొరయే. ఒక్క అడుగు, ఒక్క టైరు జాడ దీనిని పగులగొట్టగలదు. తిరిగి ఏర్పడుటకు దశాబ్దాలు పట్టవచ్చును. బాట దాటి తొక్కరాదనీ, గుర్తించిన చోటనే వాహనము నిలపాలనీ నియమాలు ఉండుటకు కారణమిదే.

ఎండలో రాతి బాటలపై గంటకు ఒక లీటరు చొప్పున నీరు తీసుకువెళ్ళడము మంచిది. బాటలపై నీరు దొరకదు. చాలా చోట్ల సెల్ ఫోను సంకేతము అందదు. దూరాన కురిసిన వానకు కూడా ఎండిన వాగులు హఠాత్తుగా పొంగుతాయి గనుక వాటిలో వాహనము నిలపరాదు.

ఇవి కూడా చూడండి

ఆర్చెస్ జాతీయ వనము
కాన్యన్‌లాండ్స్ జాతీయ వనము
కొలరాడో నది
యూటా