సున్నపు ఊరి ఊపిరి

పిడుగురాళ్లను సున్నపు నగరమంటారు. మా రాయి కాలితే ఎన్ని ఊళ్ల గోడలు తెల్లబడ్డాయో! మసీదు గోడకైనా, గుడి గోడకైనా, బడి గోడకైనా అదే సున్నం. సున్నానికి మతం లేదు. మరి సున్నపు దగ్గుకు?

పల్నాడు సున్నపురాయి నేల. రాయినీ బొగ్గునీ పొరలు పొరలుగా బట్టీలో పేర్చి 900 డిగ్రీల దాకా కాలిస్తే పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు తగిలితే కుతకుతలాడే సరుకది. కూలీ ఒంటి చెమట చాలు, చర్మం కాల్చడానికి. ధూళి కళ్లలో పడితే మంట, గొంతులో పడితే దగ్గు. ఉన్నవాడు పొగకు దూరంగా ఇల్లు కట్టుకోగలడు. కూలీకి పని దగ్గరే ఇల్లు.

మేం దూదేకులవాళ్లం. విల్లు మీటి దూది ఏకిన మా తాతల ఛాతీల్లో పత్తి నుసి చేరింది. యంత్రాలొచ్చి విల్లు మూలనపడింది. నుసి మాత్రం మమ్మల్ని వదల్లేదు. పత్తిది పోయి సున్నానిది వచ్చింది. ఒకరికి మేం సగం సాయిబులం, ఇంకొకరికి పూర్తి తురకలం. రిజర్వేషన్ లెక్కలో బీసీ-బి. రోగాల లెక్కలో మేమెక్కడ?

1948లోనే ఫ్యాక్టరీల చట్టం, ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చాయి. కొన్ని వృత్తిరోగాలు కనబడితే డాక్టరు సర్కారుకు తెలపాలని మొదటిది చెప్పింది. జబ్బుపడ్డ కార్మికుడికి వైద్యం, భత్యం ఇస్తానంది రెండోది. రిజిస్టరులో పేరే లేని రోజుకూలీకి ఈ రెండూ అందేదెట్లా? అందుకే వాడి దగ్గు బీడీ దగ్గవుతుంది, టీబీ అవుతుంది. సున్నపు దగ్గు మాత్రం కాదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పెద్ద జబ్బులకు ఆదుకుంది, కాదనను. ధూళిని ఆపడం దాని పని కాదు.

ఇది ముస్లింల గోడు మాత్రమేనా? 2006 నాటి సచార్ నివేదిక మా పేదరికాన్ని లెక్కగట్టింది. అయినా ముస్లింలలో శిశుమరణాలు దేశ సగటు కన్నా తక్కువని అదే నివేదిక చెప్పింది. అంటే పుట్టుకలో లోపం లేదు. పెరిగాక చేరిన చోటులో, దొరికిన పనిలో ఉంది లోపం. ఆ చోట మా పక్కనే దళితుడున్నాడు, వడ్డెరవాడున్నాడు. మా ఉనికి గురించి మాట్లాడటమంటే వాళ్లను వదిలేయడం కాదు.

1700లో ఇటలీ వైద్యుడు రామజ్జినీ పనివాళ్ల రోగాల మీద పుస్తకం రాశాడు. సున్నం పనివాళ్లనూ అందులో మరచిపోలేదు. రోగిని ‘నువ్వేం పని చేస్తావు?’ అని కూడా అడగమన్నాడు. 2021 మే 31న పిడుగురాళ్లలో ప్రభుత్వ వైద్యకళాశాలకు శంకుస్థాపన జరిగింది. పేరు చెప్పగానే మా మతం తెలిసిపోతుంది. పని మాత్రం అడిగితేనే తెలుస్తుంది. మా ఊరి ఓ.పీ. చీటీలో ఆ ఒక్క ప్రశ్నకు చోటుంటే, మా ఊపిరికి చరిత్ర మొదలవుతుంది.