ఆకలి చంపే పొగాకు

1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసేగ్ అనే ఇద్దరు డాక్టర్లు, ఇంట్లో తిండి ఉండి కూడా మానేసి చిక్కిపోతున్న అమ్మాయిల గురించి రాశారు. గల్ పెట్టిన 'అనొరెక్సియా నెర్వోసా' అనే పేరే ఇప్పటికీ నడుస్తోంది. మూడేళ్లు తిరక్కుండానే మా ఆత్మకూరు వైపు ధాత కరువు వచ్చింది. 1876-78 కరువులో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప ఉన్నాయి. కరువు పనికొచ్చిన కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన చిల్లర చాలునన్నాడు రిచర్డ్ టెంపుల్. అది మనిషి బతకడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ కొట్లాడాడు.

రెండూ ఒకటేనని అనడం లేదు. ఒకటి జబ్బు, ఇంకోటి ప్రభుత్వం లెక్క. కానీ ఒంటికి ఆ తేడా ఎంతవరకు తెలుస్తుంది?

1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను ఆరు నెలలు అరకడుపుతో ఉంచాడు. వాళ్లు కాఫీ, టీ ఎంతగా తాగారంటే, చివరికి రోజుకు తొమ్మిది కప్పులని హద్దు పెట్టాల్సి వచ్చింది. ఒకాయన రోజుకు నలభై ప్యాకెట్ల చూయింగ్ గమ్ నమిలాడు. సిగరెట్లూ పెరిగాయి. అంటే అలవాటుకు కారణం గుణం కాదు, ఖాళీ కడుపు. (మా భాషలో చెప్పాలంటే బగ్ ఒక చోట, ఎర్రర్ ఇంకో చోట.)

ఈ సంగతి వ్యాపారులకు ముందే తెలుసు. 1928లోనే లక్కీ స్ట్రైక్ ప్రకటనలు ఆడవాళ్లకు మిఠాయి బదులు సిగరెట్ తీసుకోమన్నాయి. తర్వాత సన్నబడే మాత్రల పేరుతో ఆంఫెటమిన్ అమ్మారు. బులిమియా నెర్వోసాకు జెరాల్డ్ రసెల్ పేరు పెట్టింది 1979లో. మందు, మత్తుతో చిక్కు తిండి మానేసేవాళ్లలో కన్నా ఆబగా తిని కక్కేసేవాళ్లలోనే ఎక్కువని ఆ తర్వాతి పరిశీలనలు చెప్పాయి. తిండి జబ్బులున్నవాళ్లలో సగం మంది దాకా మద్యం గానీ డ్రగ్స్ గానీ మితిమీరి వాడుతున్నారని 2003లో కొలంబియా యూనివర్సిటీ కేంద్రం ఒకటి లెక్క కట్టింది.

మా దగ్గర పొగాకు తిత్తి చెంగున కట్టుకుని చేనికి పోయే అవ్వలకు ఏ పేరూ లేదు. 'అలవాటు' అంటారు, అంతే. పొగాకు నమిల్తే ఆకలి తెలీదని వాళ్లే చెప్తారు. ఇవాళ హైదరాబాద్ హాస్టల్లో బ్లాక్ కాఫీ, సిగరెట్‌తో పూట గడిపే మనవరాలి గురించి మాత్రం 'డైటింగ్ చేస్తోంది' అంటున్నాం. ఆ పిల్ల డాక్టరు దగ్గరికి పోతే సిగరెట్ల సంగతి అడుగుతారేమో. పొద్దున్నుంచి ఏం తింటివమ్మా అని కూడా అడగాలి కదా. అవ్వను ఎవరూ అడగలేదు.