చెట్ల మధ్య డ్రోన్ చోదనము

చెట్ల మధ్య డ్రోన్ చోదనము అనగా అడవులు, తోటలు, వెదురు పొదలు వంటి చోట్ల, ఉపగ్రహముల నుండి వచ్చు స్థాన సంకేతములు బలహీనముగా అందుచున్నప్పుడు, డ్రోన్‌ను ప్రమాదము లేకుండా నడుపు పద్ధతి. బయలు ప్రదేశములో డ్రోన్ జి.పి.ఎస్. వంటి వ్యవస్థల సహాయముతో తానున్న చోటును తెలుసుకొని గాలిలో కదలక నిలువగలదు. ఆకుల కప్పు క్రింద ఈ ఆధారము సన్నగిల్లును. అటవీ వృక్షముల కొలతలు తీయుటకు, వన్యప్రాణులను పరిశీలించుటకు, తప్పిపోయినవారిని వెదకుటకు, చలనచిత్రముల చిత్రీకరణకు ఇట్టి చోదనము అవసరమగును.

సంకేతము బలహీనపడుటకు కారణములు

జి.పి.ఎస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచుండును. అంత దూరము నుండి వచ్చు సంకేతము నేలను చేరుసరికి మిక్కిలి క్షీణించి ఉండును. సాధారణ గ్రాహకములు వాడు ఎల్1 సంకేతపు పౌనఃపున్యము 1575.42 మెగాహెర్ట్జ్, దీని తరంగదైర్ఘ్యము సుమారు 19 సెంటీమీటర్లు. ఆకులలోను, కొమ్మలలోను ఉన్న నీరు ఈ తరంగములను పీల్చుకొనును. వాన వెలసిన తరువాత తడి ఆకుల క్రింద నష్టము ఇంకను పెరుగును.

రెండవ కారణము పరావర్తనము. చెట్ల మానులకు, కొమ్మలకు తగిలి చుట్టు దారిన వచ్చిన సంకేతము నేరుగా వచ్చినదాని కంటె ఆలస్యముగా చేరును. గ్రాహకము ఆ ఆలస్యమును దూరముగా లెక్కించి తప్పు స్థానమును చూపును.

మూడవది ఉపగ్రహముల అమరిక. స్థానపు మూడు కొలతలు, గ్రాహకపు గడియారములోని తేడా కలిసి నాలుగు తెలియని రాశులు కనుక కనీసము నాలుగు ఉపగ్రహములు కావలెను. కొమ్మల సందున ఆకాశము కొద్దిగా మాత్రమే కనిపించునపుడు అందిన ఉపగ్రహములన్నియు ఒకే వైపున గుమిగూడి ఉండవచ్చును. అప్పుడు లెక్కలోని చిన్న దోషము కూడా పెద్దదగును. అందుచేత తెరపై ఉపగ్రహముల సంఖ్య ఎక్కువగా కనిపించినంత మాత్రమున స్థానము సరియైనదని నమ్మరాదు. గ్లోనాస్, గెలీలియో, బైడూ వ్యవస్థల సంకేతములను కూడా స్వీకరించు గ్రాహకములు కొంత మేలు, కాని ఆకుల అడ్డు వాటికిని తప్పదు.

డ్రోన్‌పై ప్రభావము

సంకేతము పూర్తిగా పోవుట కంటె తప్పుడు సంకేతము అందుటయే ఎక్కువ అపాయకరము. తాను ప్రక్కకు జరిగితినని భ్రమించిన డ్రోన్ ఆ తేడాను సరిదిద్దుకొనుటకు తనంతట తానే కదలి చెట్టును ఢీకొనవచ్చును. సంకేతము పూర్తిగా పోయినచో, వేరే ఆధారము లేని డ్రోన్‌లలో పెక్కు ఎత్తును మాత్రము నిలుపుకొని గాలివాలున కొట్టుకొనిపోవును. స్థానపు లెక్కపై నమ్మకము పోయినచో కొన్ని నియంత్రణ వ్యవస్థలు డ్రోన్‌ను ఉన్నచోటనే దింపివేయును.

రేడియో సంబంధము తెగినపుడు బయలుదేరిన చోటికి తానే తిరిగి వచ్చు సౌకర్యము (రిటర్న్ టు హోమ్) చాలా డ్రోన్‌లలో కలదు. దీనివలన చెట్ల క్రింద రెండు చిక్కులు కలవు. మొదటిది, డ్రోన్ ముందుగా నిర్ణీతమైన ఎత్తుకు లేచును. పైన కొమ్మలున్నచో వాటిలో చిక్కుకొనును. రెండవది, బలహీన సంకేతముతో నమోదైన బయలుదేరు స్థానము అసలు చోటికి దూరముగా ఉండవచ్చును. బయలులో ప్రాణరక్షకమైన ఏర్పాటే అడవిలో ప్రమాదకారణమగును.

ప్రత్యామ్నాయ సాధనములు

* వాయుభారమాపకము: గాలి ఒత్తిడిని బట్టి ఎత్తును తెలుపును. సముద్రమట్టము వద్ద ఒక మీటరు ఎత్తుకు ఒత్తిడి సుమారు 12 పాస్కల్‌లు తగ్గును. గాలి విసురులకు లెక్క తప్పవచ్చును.
* క్రిందికి చూచు కెమెరా: నేలపై గుర్తులు కదలు తీరును బట్టి డ్రోన్ కదలికను లెక్కించును. చీకటిలోను, నీటిపైన, గాలికి ఊగు గడ్డిపైన నమ్మదగినది కాదు.
* జంట కెమెరాలు: రెండు కన్నుల వలె దూరమును అంచనా వేయును. సన్నని రెమ్మలను, తీగలను గుర్తించలేకపోవచ్చును.
* లైడార్: లేజరు కిరణములతో పరిసరముల పటమును గీయుచు, అందులో తన చోటును తెలుసుకొనును. వెలుతురు లేకున్నను పనిచేయును. ఖరీదు, బరువు ఎక్కువ.
* రెక్కల రక్షణ చట్రము: ఢీకొనుటను ఆపదు గాని, తగిలినపుడు నష్టమును తగ్గించును.

జాగ్రత్తలు

* వీలైనంత వరకు చెట్లు లేని ఖాళీ స్థలము నుండి బయలుదేరి, బయలుదేరు స్థానము సరిగా నమోదైనదని చూచుకొన్న పిమ్మటనే లోనికి పోవలెను.
* ఆకుల కప్పు క్రింద ఎగురునపుడు, సంబంధము తెగినచో తిరిగి వచ్చుటకు బదులు ఉన్నచోటనే నిలుచుటకో దిగుటకో డ్రోన్‌ను ముందుగా అమర్చవలెను. చెట్లపైన ఎగురునపుడు తిరిగి వచ్చు ఎత్తు అక్కడి అన్నిటికంటె పొడవైన చెట్టును మించి ఉండవలెను.
* వేగము తగ్గించవలెను. సెకనుకు 10 మీటర్ల వేగముతో పోవు డ్రోన్, చోదకుడు స్పందించుటకు అర సెకను పట్టి, తరువాత సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగము తగ్గినచో, ఆగుసరికి 15 మీటర్లు సాగును. అదే 3 మీటర్ల వేగమైనచో రెండున్నర మీటర్ల లోపే ఆగును.
* స్థాన సహాయము లేకుండా చేతితో నడుపుటను మొదట బయలులో అభ్యసించవలెను.
* చెట్ల మధ్య చూపు ఎక్కువ దూరము ఆనదు. చోదకునితో పాటు డ్రోన్‌ను కనిపెట్టి చెప్పు మరొక వ్యక్తి ఉండుట మంచిది.
* తడి ఆకులు 2.4 గిగాహెర్ట్జ్ నియంత్రణ సంకేతమును కూడా తగ్గించును. కనుక దూరము పోరాదు.
* పక్షుల గూళ్ళకు, తేనెపట్టులకు దూరముగా ఉండవలెను. తేనెటీగలు రేగినచో క్రింద ఉన్నవారికి ప్రాణాపాయము.
* డ్రోన్ చెట్టున చిక్కుకొన్నచో వెంటనే మోటార్లను ఆపవలెను. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ అంటుకొనవచ్చును. ఎండుటాకుల మధ్య ఇది కార్చిచ్చుకు దారితీయగలదు. కనుక వేసవిలో పడిపోయిన డ్రోన్‌ను వెదకి తీయక వదలరాదు.

పరిశోధనలు

2012లో లియాన్ పిన్ కో, సెర్జ్ విచ్ అను శాస్త్రవేత్తలు చౌక డ్రోన్‌లతో సుమత్రా అడవుల పరిశీలనను గూర్చి ప్రకటించారు. అవి చెట్లపైన ఎగురునవి. 2018లో అమెరికాకు చెందిన స్కైడియో సంస్థ 13 కెమెరాలతో అడ్డంకులను తప్పించుకొను ఆర్1 డ్రోన్‌ను విడుదల చేసినది. 2021లో జ్యూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటర్ అనుకరణలో శిక్షణ పొందిన డ్రోన్‌ను నిజమైన అడవిలో గంటకు 40 కిలోమీటర్ల వరకు వేగముతో నడిపారు. 2022లో చైనాలోని ఝెజియాంగ్ విశ్వవిద్యాలయమువారు అరచేతిలో ఇమిడే పది డ్రోన్‌ల గుంపును వెదురు వనములో, ఉపగ్రహ స్థాన సహాయము లేకుండా, ఒకదానినొకటి ఢీకొనకుండా నడిపి చూపారు.

భారతదేశములో నిబంధనలు

డ్రోన్ నియమములు 2021 ఆగస్టు 25న ప్రకటింపబడినవి. వీటి ప్రకారము 250 గ్రాములకు మించనివి నానో, అంతకు మించి 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు చిన్న డ్రోన్‌లుగా పరిగణింపబడును. గగనతలమును ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజించారు. ఆకుపచ్చ మండలములో 400 అడుగుల ఎత్తు వరకు ఎగురవేయుటకు ముందస్తు అనుమతి అవసరము లేదు.

అయితే మండలము ఆకుపచ్చ అయినంత మాత్రమున అడవిలో స్వేచ్ఛ లభించదు. అభయారణ్యములలో ప్రవేశమునకు, ఛాయాచిత్రణకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అటవీ అధికారుల అనుమతి పొందవలెను. నల్లమల అడవులలోని నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యములకు కూడా ఇది వర్తించును.

ఇవి కూడా చూడండి

* మానవరహిత విమానము
* జి.పి.ఎస్.
* లైడార్
* నల్లమల అడవులు