నైషు దగ్గర కాసేపు

ఈజిప్టు చూడాలని నాకు చిన్నప్పటి కోరిక. నైలు నది మీద పడవలో వెళ్తూ, ఇష్టమైన చోట దిగి, గుళ్ళూ సమాధులూ తీరిగ్గా చూసుకుంటూ తిరగాలని. ఆ డబ్బూ ఆ తీరికా ఇప్పటివరకూ కుదరలేదు. కానీ ఎస్.ఆర్. నగర్‌లో మెట్రో ఎక్కితే ఆరో స్టేషన్ అసెంబ్లీ. అక్కడ దిగి పబ్లిక్ గార్డెన్స్‌లోకి నడిస్తే రాష్ట్ర మ్యూజియం. అందులో ఒక అద్దాల పెట్టెలో ఈజిప్టు స్త్రీ ఒకామె పడుకుని ఉంటుంది. నాకు అందుబాటులో ఉన్న ఈజిప్టు అదే. వీలు దొరికినప్పుడల్లా వెళ్ళి కాసేపు నిలబడి వస్తుంటాను.

ఒక ఆదివారం నా పక్కనే ఒక చిన్నపిల్ల తల్లి కొంగు లాగి, "ఎవరి మమ్మీ?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "రాజుగారి కూతురమ్మా" అని చెప్పి తల్లి ముందుకు నడిచింది. పిల్ల అడిగినదానికీ తల్లి చెప్పినదానికీ పొంతన లేదు. కానీ ఇద్దరూ ఒక్క విషయంలో కలిశారు. ఆమె ఎవరో కాదు, ఎవరికి ఏమవుతుందో చెప్పుకున్నారు.

మన ఊళ్ళో ప్రచారంలో ఉన్న కథ ప్రకారం ఆమె పేరు నైషు. ఆరవ ఫారో కూతురు. రెండున్నర వేల ఏళ్ళ కిందటిది. ఈ కథను కొంచెం నెమ్మదిగా చదివితే చిక్కు కనబడుతుంది. ఈజిప్టు రాజులను వంశాల వారీగా లెక్కపెడతారు, అలాంటి వంశాలు ముప్ఫై. మొట్టమొదటి రాజు నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఆరోవాడు దాదాపు ఐదు వేల ఏళ్ళ కిందటివాడు అవుతాడు. తండ్రికీ కూతురికీ మధ్య రెండువేల ఏళ్ళకు పైగా ఎడం! ఆరవ నిజాం, ఏడవ నిజాం అని లెక్కపెట్టే మన అలవాటునే ఈజిప్టుకూ అంటించామేమోనని నా అనుమానం.

ఆమెను ఇక్కడికి తెచ్చింది ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ అల్లుడు నజీర్ నవాజ్ జంగ్. 1920 ప్రాంతంలో వెయ్యి పౌన్లకు కొన్నాడని అంటారు. ఏడవ నిజాం ద్వారా 1930లో మ్యూజియానికి చేరింది. అప్పట్లో ఈజిప్టులో ఇలాంటి అమ్మకాలు నేరం కావు. కైరో మ్యూజియంలోనే అమ్మకాల గది ఒకటి ఉండేది. ఆ వ్యాపారాన్ని నిషేధించిన చట్టం 1983లో గానీ రాలేదు. నన్ను ఆపింది మాత్రం 'అల్లుడు' అన్న మాట. అల్లుడున్నాడంటే నిజాంకు ఒక కూతురు ఉండి తీరాలి. ఈ కథ చెప్పిన ఏ నోటా ఆ కూతురి పేరు నేను వినలేదు.

తీరిగ్గా ఈజిప్టు చూసిన స్త్రీల్లో మనకు బాగా తెలిసిన పేరు అమీలియా ఎడ్వర్డ్స్. 1873-74లో అద్దె పడవలో కైరో నుంచి అబూ సింబెల్ దాటి వెళ్ళింది. 1877లో ఆ యాత్రను పుస్తకంగా రాసింది. ఆ గుళ్ళ శిథిలావస్థ చూసి కలతపడి 1882లో ఈజిప్టు పరిశోధన నిధి స్థాపనకు పూనుకుంది. స్త్రీలకు విద్యార్హతలిచ్చే లండన్ యూనివర్సిటీ కాలేజీకే తన ఆస్తి రాసి, బ్రిటన్‌లో మొదటి ఈజిప్టు అధ్యయన పీఠం పెట్టించింది. మనం గర్వంగా చెప్పుకునే మనిషి. అదే పుస్తకంలో ఒక మమ్మీ కోసం, ఒక పపైరస్ కోసం తామూ బేరమాడిన సంగతి కూడా దాచలేదు. వాటిని వేరే పడవవాళ్ళు కొనుక్కుపోయారు. వారం తిరగకుండానే వాసన భరించలేక ఆ మమ్మీని నైలు నదిలో పడేశారు. తీరికకూ ఒక ఖరీదు ఉంటుంది. దాన్ని ఒక్కోసారి చచ్చిపోయినవాళ్ళు కూడా కడతారు.

అదే దశాబ్దంలో మన పోతం జానకమ్మ 1871లో మద్రాసు నుంచి ఇంగ్లండుకు వెళ్ళింది. 1876లో, అంటే ఎడ్వర్డ్స్ కంటే ఏడాది ముందే, ఆమె యాత్రా పుస్తకం ఇంగ్లీషులో అచ్చయింది. అట్ట మీద ఆమె పేరు పక్కన భర్త రాఘవయ్య పేరూ ఉంది. సాహిత్యంలో పరిశోధన చేసిన నేను ఇలాంటి పేర్లను ఎన్ని రాసుకున్నానో! నా సిద్ధాంత గ్రంథం అనుబంధంలో పాత పత్రికల రచయిత్రుల జాబితా ఒకటుంది. 'ఫలానా వారి భార్య', 'ఫలానా వారి కుమార్తె' అని దొరికినంతే రాసి ముందుకు పోయాను. గడువు దగ్గరపడింది, తీరిక లేదు అనుకున్నాను. మ్యూజియంలో ఆ తల్లి చేసిందీ, నేను చేసిందీ ఒకటే.

ప్రాచీన ఈజిప్టువాళ్ళకు పేరు చిన్న విషయం కాదు. శరీరం చెడిపోకుండా ఉంచడం ఎంత ముఖ్యమో, పేరు చెరిగిపోకుండా ఉండటం అంత ముఖ్యం. పేరు పలికేవాళ్ళున్నంత కాలం మనిషి బతికి ఉన్నట్టే. అందుకే దాదాపు ఇరవై ఏళ్ళు ఫారోగా పాలించిన హాట్షెప్సుట్ పేరునూ, బొమ్మలనూ ఆమె పోయిన చాలా ఏళ్ళకు, మూడవ తుత్‌మోసిస్ కాలంలో చెక్కేశారు. డెయిర్ ఎల్ బహ్రీలో ఆమె కట్టించిన గుడి గోడల మీద ఆ ఉలి దెబ్బలు ఇప్పటికీ కనబడతాయి. అలా చెక్కేసిన చోట్లను ఓపిగ్గా చదివే ఆమె చరిత్రను మళ్ళీ రాయగలిగారు.

నైషు శరీరాన్ని మనం బాగానే చూసుకుంటున్నాం. 2016లో ఎక్స్‌రేలూ సీటీ స్కానూ తీశారు, ఆక్సిజన్ చేరని పెట్టెలో ఉంచారు. పేరు విషయంలోనూ అంత శ్రద్ధ ఉండాలి. 'రాజుగారి కూతురు' అనే ముందు అది ఎవరు చెప్పారో, ఎప్పటి నుంచి చెబుతున్నారో అడగాలి.

నా జాబితాను మళ్ళీ బయటికి తీశాను. రెండు పేర్ల దగ్గర 'కుమార్తె' అన్న మాట కొట్టేసి, వాళ్ళ సొంత పేర్లు రాయగలిగాను. మిగిలినవాళ్ళ కోసం వెతకాలి. ఈసారి తొందర లేదు.