జహీరాబాద్ జొన్నలు - హకీముల పథ్యం

కేన్సరును అరబ్బీ వైద్యులు సరతాన్ అన్నారు. ఆ మాటకు పీత అని అర్థం. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు పీతకాళ్ళను తలపించడమే ఆ పేరుకు కారణం. ఇబ్నె సీనా (980-1037) తన ‘అల్ ఖానూన్’లో ఈ వ్యాధికి మూలం సౌదా, అనగా నల్లని పిత్తం, అని రాశాడు. ఆ సిద్ధాంతం నేడు నిలవదు. కాని ఆరోగ్యానికి అత్యవసరమైన ఆరు విషయాలలో అన్నపానాలను చేర్చిన యూనానీ సంప్రదాయం దక్కనులో హకీముల చేతులమీదుగా తరతరాలు సాగింది.

జహీరాబాద్ ఆ దక్కను నేలలోనిదే. 1956 వరకు బీదరు జిల్లాలోను, ఆపైన మెదక్‌లోను, 2016 నుండి సంగారెడ్డిలోను ఉన్న ఈ ప్రాంతంలో హిందువుల ఇళ్ళలోను, ముస్లింల ఇళ్ళలోను జొన్నరొట్టె పాత తిండి. జొన్న, కంది, కొర్ర, సామ కలిపి విత్తేవారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదల ఆకలి తీరిన మాట నిజం. జొన్నచేలు పలచబడిన మాటా నిజమే. ఆ ఏడే ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో, పస్తాపూర్ పరిసర పల్లెల దళిత స్త్రీలు బీళ్ళు దున్ని, పాత విత్తనాలను కాపాడారు. 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఈ తిండికీ కేన్సరుకూ పొత్తేమిటి? పొట్టు తీయని ధాన్యంలోని పీచు పెద్దప్రేగులో పులిసి బ్యూటిరేట్ అనే పదార్థంగా మారుతుంది. ప్రేగు లోపలి పొరకు అది ఆహారం. మలం త్వరగా బయటికి పోవడం వల్ల హానికర పదార్థాలు ప్రేగును అంటిపెట్టుకొని ఉండే వ్యవధీ తగ్గుతుంది. ముడిధాన్యాలు పెద్దప్రేగు కేన్సరు ముప్పును తగ్గించే అవకాశం బలంగా ఉన్నదని ప్రపంచ కేన్సర్ పరిశోధన నిధి 2018లో తేల్చింది. జొన్నపొట్టులోని పాలీఫినాల్‌ల సంగతి వేరు. వాటి గుణం చాలావరకు ప్రయోగశాల కణాలపై చూసినదే.

పసుపు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరొందిన కేంద్రపు శాస్త్రజ్ఞులు 1992లో ఒక పరిశీలన ప్రకటించారు. చిరకాలంగా పొగతాగే 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇవ్వగా, జన్యువులను మార్చగల పదార్థాలు వారి మూత్రంలో తగ్గాయి. కేన్సరు రాకుండా ఆగిందని అందులో లేదు. పైగా పొగ మానినవాడికి కలిగే మేలు పసుపు ఇవ్వలేదు. పసుపును కేన్సరు మందని అమ్మేవారు ఈ తేడా చెప్పరు. వారిని నమ్మి ఆసుపత్రికి ఆలస్యంగా చేరిన రోగికి ఆ నష్టం తీరదు.

ఇబ్నె సీనా సైతం సరతాన్‌ను తొలిదశలో పట్టుకుంటేనే పెరగకుండా ఆపవచ్చునన్నాడు. కోతకు అనువైన చిన్న గడ్డనైతే మొదలంటా తీసివేయమన్నాడు.